బల్లారట్ పాత హోటళ్లకు కమ్మరి కావాలి: విక్టోరియా పర్యాటక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మెల్‌బోర్న్ తెలుగు కుటుంబాల్లో ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పాత బంగారు గనుల ఊరైన బల్లారట్‌కు తీసుకెళ్లి, ఆ కాలపు వీధుల్ని మళ్లీ కట్టి చూపే సావరిన్ హిల్ మ్యూజియం చూపించడం రివాజు. అక్కడ వాగులో ఇసుక కడిగి బంగారం వెతికే సరదా మా పెద్దవాళ్లకు కాసేపే. కమ్మరి కొట్టం దగ్గరైతే పిలిచినా కదలరు. ఎర్రగా కాలిన ఇనుమును పటకారుతో దాగలి మీదికి తెచ్చి, రంగు తగ్గేలోపు గబగబా సుత్తి దెబ్బలు వేసి, మళ్లీ నిప్పుల్లోకి తోసే ఆ పని వాళ్లు చూసి పెరిగిందే. ఏరువాకకు ముందు నాగలి కర్రు పట్టుకుని కొలిమి దగ్గర వంతు కోసం కూర్చున్నవాళ్లు. మా ఊళ్లలో ఆ కొలుములు చాలావరకు ఆరిపోయాయి. మీ దగ్గరున్నవి ఆరకూడదనే ఈ లేఖ. ఇక్కడి తెలుగువాళ్లు కూడా దీని గురించి మాట్లాడాలని తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లిష్ ప్రతి మీ ఆఫీసుకు పంపుతున్నాను.

1851లో బంగారం బయటపడ్డాక బల్లారట్‌లో హోటల్, కొలిమి ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతికాయి. గట్టి నేల తవ్వితే పలుగు మొన మొద్దుబారుతుంది; దాన్ని కాల్చి, సాగగొట్టి, మళ్లీ పదును పెట్టేదాకా గని మనిషికి పని లేదు. గుర్రపు బండి హోటల్ ముందు ఆగితే మనుషులకు భోజనం, మందు, పడక. గుర్రానికి మేత, లాడం. 1853లో థామస్ బాత్ లిడియార్డ్ వీధిలో పెట్టిన హోటలే ఇప్పటి క్రెయిగ్స్ రాయల్ హోటల్. 1867లో దాని గుర్రపుశాలను అద్దెకు తీసుకుని నడిపింది ఆడమ్ లిండ్సే గోర్డన్ అనే కవి.

బల్లారట్ గని కార్మికులు ప్రభుత్వం మీద తిరగబడిన యురేకా తిరుగుబాటు కథలోనూ ఈ రెండే ముందుంటాయి. బంగారం తవ్వుకోవడానికి కట్టాల్సిన లైసెన్సు రుసుముతో గని జనం అప్పటికే విసిగిపోయి ఉన్నారు. 1854 అక్టోబర్ 7 తెల్లవారుజామున జేమ్స్ స్కోబీ అనే గని కార్మికుడు యురేకా హోటల్ దగ్గర హత్యకు గురయ్యాడు. హోటల్ యజమాని జేమ్స్ బెంట్లీని మేజిస్ట్రేట్లు వదిలేశారు. అక్టోబర్ 17న వేలాది జనం పోగై ఆ హోటల్‌ను తగలబెట్టారు. ఆ తర్వాతే బెంట్లీకి శిక్ష పడింది. డిసెంబర్ 3న తిరుగుబాటుదారులు రక్షణగా కట్టుకున్న కంచె మీద సైన్యం విరుచుకుపడినప్పుడు, లోపల చాలామంది చేతుల్లో ఉన్నవి బల్లేలు. వాటిని చేసిన జర్మన్ కమ్మరి జాన్ హఫేలే కూడా ఆ ఉదయమే అక్కడే చనిపోయాడు. తిరుగుబాటు నాయకుడు పీటర్ లాలర్ పేరు ఇక్కడి బడి పిల్లలకు కూడా తెలుసు. హఫేలే పేరు ఎంతమందికి తెలుసు?

సావరిన్ హిల్‌లో అరుదైన వృత్తులు నేర్పే కేంద్రం పెట్టారు, సంతోషం. కానీ నేర్చుకున్నవాళ్లకు చేతినిండా పని లేకపోతే అది వారాంతపు సరదాగా మిగిలిపోతుందని నా భయం. పని ఎక్కడుందో ఆ ఊరి వీధుల్లోనే కనిపిస్తుంది. పాత హోటళ్ల బందులు, గొళ్లేలు, గుర్రపుశాల తలుపుల పట్టీలు తుప్పు పట్టినప్పుడు వాటి స్థానంలో ఫ్యాక్టరీ సరుకు బిగించడం తేలిక, చవక కూడా. వరండాల పోత ఇనుము సంగతి వేరు, అది అచ్చులో పోసేది. నేను అడుగుతున్నది కొలిమిలో కాల్చి కొట్టిన ఇనుము గురించి.

కాబట్టి పాత హోటళ్ల మరమ్మతుకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లలో ఒక షరతు చేర్చండి: సాగగొట్టిన ఇనుప పని ఉంటే అది కమ్మరితోనే చేయించాలి, ఆయన పక్కన జీతం తీసుకునే అప్రెంటిస్ ఒకరు ఉండాలి. దానివల్ల పెరిగే ఖర్చును యజమాని మీద వేయకుండా గ్రాంటే భరించాలి. విక్టోరియా బంగారు క్షేత్రాలకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం ప్రయత్నం నడుస్తోంది. ఆ పత్రాల్లో కట్టడాల జాబితాతో పాటు వాటిని బాగుచేయగల చేతుల గురించీ రాయించండి, హఫేలే పేరుతో సహా.

ఈ షరతు మీద మీ శాఖ అభిప్రాయం ఏమిటో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మెల్‌బోర్న్ నుంచి ఒక తెలుగు పౌరుడు