కాలనీ సంక్షేమ సంఘం, విజయవాడ: వార్షిక నివేదిక

వీధి దీపాలు, మురుగు కాలువల పూడికతీత అనుకున్నట్టే సాగాయి. వాటి ఖర్చు కోశాధికారి లెక్కల్లో ఉంది. ఈ ఏడాది కార్యవర్గానికి ఎక్కువ పని పెట్టింది మాత్రం రైవస్ కాలువ గట్టున పాత షెడ్ల వెనక కనిపించిన సిరంజిలు. కెమెరాలు బిగించి పోలీసులకు చెబుదామని కొందరు, ముందు డాక్టరును పిలిచి విందామని కొందరు పట్టుబట్టారు. రెండో మాట నెగ్గింది.

డాక్టరు చెప్పినదాంట్లో మనకు తెలియనిదే ఎక్కువ. మత్తుమందు నరానికి ఎక్కించుకునేవారిలో ఎవరి సూది వారిదే అయినా, మందు కలిపే మూత, వడకట్టే దూది, నీళ్లు ఉమ్మడివైతే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ అంటుకోవచ్చు. సిరంజిలో మిగిలిన రక్తంలో ఆ వైరస్ వారాల తరబడి బతకగలదు. నీళ్లతో కడిగినంత మాత్రాన పోదు. దానికి టీకా లేదు. అయితే దాదాపు మూడు నెలలు మాత్రలు వాడితే చాలామందికి నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ బికి టీకా ఉంది. చర్మం శుభ్రం చేసుకోకుండా గుచ్చుకుంటే చీముగడ్డలు లేస్తాయి, ఒక్కోసారి గుండె కవాటాలకే చీము పడుతుంది. అన్నిటికంటే మమ్మల్ని కలవరపెట్టింది ఇంకొకటి: కొన్నాళ్లు మానేసి తిరిగి పాత మోతాదే ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మనం తిట్టి తరిమితే వారు ఎవరూ చూడని చోటికి పోతారు, అక్కడ ప్రాణం మీదికి వస్తే పిలిచే మనిషి ఉండడు.

ఒకరి సూది ఇంకొకరు వాడకుండా మత్తు ఎక్కించుకునేవారికి కొత్త సూదులు ఇవ్వడం అలవాటును పెంచినట్టు కాదా అని ఒక సభ్యురాలు నిలదీశారు. అడగవలసిన ప్రశ్నే. ఎయిడ్స్ నియంత్రణలో భాగంగా చేసే ఈ పనిని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం నేరంగా చూడదు. సూదికి బదులు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్రల చికిత్స కూడా ఉంది. ఇవి శిక్షణ పొందినవారి పనులు; సంఘం వాటి జోలికి పోలేదు. పారిశుద్ధ్య కార్మికులకు మందపాటి తొడుగులు, పట్టకార్లు, గట్టి మూత డబ్బాలు మాత్రం కొన్నాం. సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటలు దాటితే ఇక పనికిరాదు.

మత్తు విముక్తికి 14446, ఎయిడ్స్ సలహాకు 1097 నంబర్లు నోటీసు బోర్డుపై రాయించాం. వాటి మీద ఎవరో సున్నం పూశారు, మళ్లీ రాయించాం.

సామాజిక భవనంలో వారానికి ఒక సాయంత్రం కౌన్సెలరుకు గది ఇవ్వాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తుంది. గది అద్దె పోతుందని అభ్యంతరం ఉన్నవారు ముందుగా రాసి ఇవ్వగలరు.

కార్యదర్శి