జత పేరుతో అమ్మే బాతు పిల్లలు

సంపాదకులకు నమస్కారం.

పెరటి పక్షుల పెంపకంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. పెద్దబాతు పిల్లల్లో మెడ పొడుగ్గా, తల లావుగా ఉన్నది మగదనీ, సన్నగా ఉన్నది ఆడదనీ రాశారు. ఎదిగిన పక్షుల్లో అది చాలావరకు నిజమే. రెండు మూడు వారాల పిల్లల్లో మాత్రం ఆ తేడాకు ఒకటి ముందు రోజు గుడ్డులోంచి బయటపడటమో, తొట్టి దగ్గర నాలుగు ముద్దలు ఎక్కువ లాక్కోవడమో కూడా కారణం కావచ్చు. నేను షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. కొలత పెట్టకుండా చెప్పే లెక్క నాకు మింగుడుపడదు.

మా పెందుర్తి వైపు, ఆనందపురం వైపు కొత్తగా ఇళ్లు కట్టుకున్నవారు కాపలాకనీ, పాములు రావనీ ఈ బాతుల్ని కొంటున్నారు. (పాముల సంగతి నేను నమ్మను. అరుపుల సంగతి మా వీధి వీధంతా నమ్ముతుంది.) అమ్మేవారు బుట్టలోంచి రెండు పిల్లల్ని తీసి, ఇది మగది, ఇది ఆడది, జత అంటారు. విడి పిల్లల కంటే జతకు ధర ఎక్కువ. మా పక్కింటావిడ అలా తెచ్చుకున్న జతలో రెండూ గుడ్లు పెట్టాయి. ఒకే గూట్లో వంతులు వేసుకుని నెల దాటేదాకా పొదిగాయి. గుడ్లన్నీ మురిగిపోయాయి. ఆవిడ ముందు ఎండల్ని తిట్టారు, తర్వాత గూటి చుట్టూ తిరిగిన వీధి పిల్లల్ని తిట్టారు. అమ్మినవాణ్ణి తిట్టాలని ఆవిడకు తోచనే లేదు.

ఆ తోచకపోవడం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. కళ్లు మూసుకుని రెండు పిల్లల్ని తీసినా సగం సార్లు ఒకటి ఆడ, ఒకటి మగ పడతాయి. అలా కుదిరినవారు అమ్మినవాడి హస్తవాసిని మెచ్చుకుని ఇంకో నలుగుర్ని పంపుతారు. రెండూ మగవే వచ్చినవారు ఇంకా ఈడు రాలేదేమోనని గుడ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఏమీ తెలియనివాడికి ఇంతకంటే మంచి పేరు తెచ్చే సరుకు ఇంకొకటి లేదు.

కొందరు తోక చూడమంటారు. తోక మీద ఈకలు పైకి వంకీ తిరిగేది మామూలు మగ బాతుకు, అదీ రెండు నెలల ఈడు వచ్చాక. పెద్దబాతుకు ఎన్నేళ్లు గడిచినా తిరగదు. కొందరు రెక్క ఈకల పొడుగు పోల్చి చూస్తారు. అది కోళ్లలో, ఆ లక్షణం కోసమే సంకరం చేసిన కొన్ని రకాల్లో పనికొచ్చే పద్ధతి. గుడ్డు కోసుగా ఉంటే మగదనడం, దారానికి సూది కట్టి ఊపడం గురించి రాసి మీ స్థలం వృథా చేయను.

పుట్టిన రోజే రంగు చూసి చెప్పగల జాతులు లేకపోలేదు. 1939లో అమెరికా పౌల్ట్రీ సంఘం గుర్తించిన పిల్‌గ్రిమ్ జాతిలో మగ పిల్ల లేత పసుపుగా, ఆడది ముదురు బూడిద ఛాయలో ఉంటుంది. పెద్దయ్యాక మగది తెల్లన, ఆడది బూడిద. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ముక్కు మొదట్లో బుడిపె ఉండే చైనా రకం. అందులో ఆ వెసులుబాటు లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు వచ్చాక మగదాని బుడిపె ముందుగా పెరుగుతుంది, అదీ ఒకే ఈడు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి చూస్తేనే తెలుస్తుంది. బాగా ఎదిగాక గొంతును బట్టి పోల్చుకోవచ్చు. కీచుగా అరిచేది మగది, బొంగురుగా అరిచేది ఆడది. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

పసి పిల్లల్లోనే తేలాలంటే, ఈకో రక్తమో పంపి డీఎన్ఏ పరీక్ష చేయించాలి, లేదా మలద్వారం తెరిచి చూడాలి. సంతలో కొన్న పిల్లకు మొదటిది ఎవరు చేయిస్తారు? రెండోదాన్ని కోడిపిల్లల విషయంలో ప్రపంచానికి నేర్పింది జపాన్ వారు. కోడిపిల్లలో కనిపించేది కాస్త ఉబ్బు మాత్రమే కాబట్టి దానికి నెలల తరబడి సాధన కావాలి. బాతుల్లో పని అంతకంటే సులువు. చాలా పక్షుల్లో మగవాటికి లేని అవయవం వీటికి ఉంటుంది. ఒకటి రెండు రోజుల పిల్లను వెల్లకిలా పట్టుకుని, తోకను వేలి మీదుగా వెనక్కి వంచి, ద్వారానికి రెండు పక్కలా బొటనవేళ్లతో మెల్లగా నొక్కి తెరిస్తే మగదానిలో బియ్యపు నూకంత మొన బయటికి వస్తుంది. ఆడదానిలో రాదు. చిక్కల్లా ఏమిటంటే, నొక్కు చాలకపోతే మగదానిలోనూ రాదు. కాబట్టి మొన కనిపించి మగదంటే నమ్మవచ్చు. కనిపించలేదు కాబట్టి ఆడదంటే మాత్రం మరోసారి చూపించమనాలి. మరీ గట్టిగా నొక్కితే పిల్లకు లోపల గాయమవుతుంది. రోజులు గడిచేకొద్దీ అక్కడి కండరం బిగిసి పని కష్టమవుతుంది. ఫోనులో వీడియో చూసి చేతులు పెట్టే విద్య కాదిది. తెలిసినవారు పక్కన కూర్చుని చేయించాలి.

పశుసంవర్ధక శాఖ వారు పెరటి కోళ్ల శిక్షణల్లో దీనికి ఒక పూట కేటాయించాలని కోరుతున్నాను. గరివిడి పశువైద్య కళాశాల మనకు దూరమేమీ కాదు. అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు ఒక సంత రోజున వచ్చి అమ్మేవారికే నేర్పితే ఇంకా మేలు. అమ్మేవారు కొనేవారి కళ్లముందే తెరిచి చూపించి, మగదాని కాలికి రంగు దారం కట్టి, అప్పుడు జత ధర తీసుకోవాలి. చూపలేనివారు విడి ధరకే ఇవ్వాలి. ఆ ధరకు దొరికితే కొనేవారు రెండుతో ఆగకుండా ఐదు తీసుకోవడం మంచిది. ఐదూ ఆడవో, ఐదూ మగవో అయ్యే అవకాశం పదహారింట ఒక వంతే. చైనా రకంలో ఒక మగదానికి నాలుగైదు ఆడవాటిని ఉంచవచ్చు, మగవి ఎక్కువైతే ఎదిగాక అమ్ముకోవచ్చు.

ఇట్లు,
రిటైరైన ఫిట్టర్,
పెందుర్తి, విశాఖపట్నం