పంపు తిరుగుతోంది, నీళ్లు తిరగట్లేదు

విజయనగరం

ఒరే బావా,

ఫోన్లో ఆ జర్మన్ కారు రిపేరు సంగతి అడిగితే "అదో పెద్ద కథరా, తీరిగ్గా రాస్తాను" అన్నాను కదా, ఇదిగో. మధ్యాహ్నం రెండు దాటితే మా షెడ్డు రేకుల కింద మనిషి నిలబడలేడు. గుంటలిద్దరూ చోడంబలి తాగీసి గోనెపట్టా పరుచుకుని పడుకున్నారు. కరెంటుంది, ఫ్యాను తిరుగుతోంది, ఎవడూ పిలవడం లేదు. ఉత్తరానికి ఇంతకన్నా మంచి టైము నాకు దొరకదు.

కారేటంటే, జర్మన్ సెడాన్. మూడు లీటర్ల వీ6 పెట్రోలు, దాని నెత్తిన సూపర్‌ఛార్జరు, అదే గాలిని నొక్కి ఇంజన్లోకి తోసే బ్లోయరు. మన వైపు అలాంటిది ఎవడికుందిరా అంటావేమో. కొత్తవలస దగ్గర మామిడి తోటలున్న బుగత ఒకాయన కొడుకు హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చాడు. బుగత గారికి ఆ కారంటే ఒళ్లుమంట. "నా ట్రాక్టరు ఎప్పుడైనా ఇలా అలిగిందేటి?" అంటారు. కుర్రాడికి మాత్రం అదే ప్రాణం.

కంప్లయింటు విను. పొద్దున్నే చల్లటి పూట హైవే మీద లాగాల్సినంతా లాగుతుంది. ఎండెక్కాక నాలుగు సార్లు గట్టిగా తొక్కితే చాలు, చచ్చుబడిపోతుంది. డాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగదు. నా దగ్గరకొచ్చేసరికే ప్లగ్గులు మార్చారు, కాయిళ్లు మార్చారు, మామూలు పెట్రోలు మానేసి 95 ఆక్టేన్ పోయిస్తున్నారు. సిటీలో ఒక వర్క్‌షాపు వాళ్లయితే సూపర్‌ఛార్జరే పోయింది, యూనిట్ మొత్తం మార్చాలని లక్షల్లో ఎస్టిమేటు రాసిచ్చారట. ఆ కాగితం చూసీసి నాకు తిక్కరేగింది. సూపర్‌ఛార్జరు పోతే పొద్దున పూట మాత్రం ఎలా లాగుతుందిరా? దాన్లో తిరిగే రోటర్లు అరిగితే ఆరింటికీ అరిగే ఉంటాయి, పన్నెండింటికీ అరిగే ఉంటాయి.

నీ చేతికి ఎప్పుడూ టర్బో బండ్లే కాబట్టి దీని సంగతి కొంచెం చెప్పాలి. టర్బోని సైలెన్సరు వైపు పోయే పొగ తిప్పుతుంది. దీన్ని ఇంజను బెల్టే తిప్పుతుంది. వీ ఆకారంలో ఉన్న సిలిండర్ల మధ్యలో కూర్చుంటుంది, లోపల మెలితిరిగిన రోటర్లు రెండు. ఈ రకం బ్లోయరుకి మూలపురుషులు రూట్స్ అన్నదమ్ములు, అమెరికాలో ఇండియానా వాళ్లు, 1860లో పేటెంటు తీసుకున్నారు. అప్పటికి కారన్నదే పుట్టలేదు, కొలుములకీ గనులకీ గాలి ఊదడానికి వాడేవారు. మెర్సిడెస్ వాళ్లు 1921లో బెర్లిన్ మోటార్ షోలో సూపర్‌ఛార్జరు బిగించిన కార్లు పెట్టారు. ఇలాంటివంటే నువ్వు చెవి కోసుకుంటావని రాస్తున్నాను గానీ మన పనికి దీంతో సంబంధం లేదు.

పనికి సంబంధించింది వేడి. సైకిల్ పంపు గబగబా కొడితే అడుగున చెయ్యి పెట్టలేం చూడు, ఇక్కడా అదే. ఈ ఇంజన్లో బూస్టు, అంటే బయటి గాలి మీద అదనపు నొక్కుడు, 0.8 బార్ దాకా వెళ్తుంది. బయటి 35 డిగ్రీల గాలిని అంత నొక్కితే పుస్తకం లెక్క ప్రకారమే 90 డిగ్రీలకి చేరుతుంది. ఏ బ్లోయరూ పుస్తకం ప్రకారం పనిచెయ్యదు కాబట్టి నిజానికి 110 పైమాటే. వేడెక్కిన గాలి పలచన, సిలిండర్లోకి వెళ్లే సరుకు తగ్గుతుంది. అది చాలక నాకింగు, అంటే పెట్రోలు వేళ కాని వేళ దానంతటదే పేలడం, మొదలవుతుంది. ఇంజన్ని నడిపే కంప్యూటరు, అదే ఈసీయూ, ఊరుకోదు కదా, ఇగ్నిషన్ టైమింగు వెనక్కి లాగుతుంది, అంటే ప్లగ్గు నిప్పు ఆలస్యంగా వేస్తుంది. కుర్రాడు చచ్చుబడిపోయింది అంటున్నది దాన్నే.

ఆ వేడి తియ్యడానికే రోటర్లకి ఆ పక్కా ఈ పక్కా నీళ్లతో చల్లబడే ఇంటర్‌కూలర్లు పెట్టారు. ఇంజన్ నీళ్లు 90 డిగ్రీల దగ్గర తిరుగుతాయి, వాటితో గాలి ఏం చల్లారుతుంది? అందుకని వీటికి దారి వేరు, ముందు బంపరు వెనక చిన్న రేడియేటరు వేరు. ఆ దారిలో నీళ్లు తిప్పేది ఒకే ఒక్క ఎలక్ట్రిక్ పంపు, పిడికిలంత ఉంటుంది. అది తొయ్యకపోతే ఇంటర్‌కూలర్లో ఉన్న నీళ్లు కాసేపు వేడి పీల్చుకుని, తరవాత అక్కడే కాగుతూ కూర్చుంటాయి. పొద్దున బాగుండి ఎండెక్కాక మొరాయించడం అందుకే.

చిక్కేటంటే, పంపు తిరుగుతోంది. స్కానరుతో దాన్ని ఆన్ చేసి చెయ్యి పెడితే సన్నటి అదురు తెలుస్తోంది, మూలుగు వినిపిస్తోంది. కనెక్టర్లో 12 వోల్టులూ వస్తున్నాయి. ఫాల్టు కోడు లేదు. చాలామంది ఇక్కడితో పంపు బాగుందని టిక్కు పెట్టీసి పైకి పోతారు. ఈసీయూకి తెలిసేది వైరు తెగిందా, మోటారు ఆగిందా అన్నదే. గొట్టంలో నీళ్లు నడుస్తున్నాయా లేదా దానికెలా తెలుస్తుంది?

స్కానరు తగిలించి కుర్రాణ్ణి తోలమన్నాను, నేను పక్క సీట్లో. ఊళ్లో మెల్లగా పోతుంటే ఏమీ దొరకదు, ఎందుకంటే తొక్కుడు తక్కువగా ఉంటే సూపర్‌ఛార్జరు బైపాస్ తలుపు తెరిచే ఉంటుంది, గాలి నొక్కుడే ఉండదు. భోగాపురం వైపు హైవే ఎక్కాక తొక్కమన్నాను. ఇంటర్‌కూలరు దాటాక గాలి వేడి యాభై దాటింది, అరవై దాటింది, డెబ్బై ఎనిమిది దగ్గర ఆగింది. కాలు తీసీమన్నాను. దిగలేదురా! మెల్లగా నడిపిస్తున్నా డెబ్బై దగ్గరే వేలాడుతోంది. ఎంత ఎక్కిందన్నది అందరూ చూస్తారు. నన్నడిగితే దిగుతోందా లేదా అన్నదే చూడాలి. నీళ్లు నడిచే కారులో కాలు తీసిన కాసేపటికే పడిపోవాలి.

పక్కన ఆపి టెంపరేచర్ గన్ను పట్టాను. ఇంటర్‌కూలరు దగ్గర గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడి, ముందు చిన్న రేడియేటరేమో చల్లగా ఉంది. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? షెడ్డుకొచ్చాక క్లాంప్ మీటరు కూడా పెట్టాను, కరెంటు తక్కువగా లాగుతోంది, అదీ నిలకడ లేకుండా. బరువు మొయ్యని మోటారు అలాగే లాగుతుంది.

పంపు బెంగళూరు నుంచి తెప్పించాం. కారు కంపెనీ డబ్బాలో కొంటే ఒక రేటు, పంపు తయారుచేసినవాళ్ల సొంత డబ్బాలో కొంటే తక్కువ రేటు, లోపల సరుకు అదే. పాత కార్లోంచి ఊడదీసింది సగం ధరకి ఇస్తామన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. లోపల ఎంత అరిగిందో పైనుంచి కనిపించని వస్తువు సెకండ్ హ్యాండ్‌లో కొనకూడదు.

మార్చడం పెద్ద పనేం కాదు. ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి, కింద ప్లాస్టిక్ షీటు విప్పి, రెండు గొట్టాలకీ పించ్ ప్లయర్లు బిగించి, స్ప్రింగు క్లిప్పులు జరిపి లాగడమే. కూలెంటు మాత్రం బేసిన్‌లో పట్టి డబ్బాలో పోశాను. గుంటడు కాలవలో పారబొయ్యబోతే కేకలేశాను. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, మా షెడ్డు కుక్క నాకిందంటే కిడ్నీలు పోతాయి.

పాత పంపు కోసి చూశాను, నువ్వయితే ఆగుతావా, నేనూ ఆగలేదు. మోటారుకీ నీళ్లు తోసే రెక్కల చక్రానికీ, అదే ఇంపెల్లరుకీ, మధ్య షాఫ్టు లేదు, అయస్కాంతం పట్టుతోనే తిరుగుతుంది, సీలు కారే గొడవ లేకుండా. ఇంపెల్లరు కూర్చునే రంధ్రం కోలగా అరిగిపోయి, అది పక్కకి ఒరిగి గోడకి రాసుకుంటోంది. మోటారు తిరుగుతూనే ఉంది, అయస్కాంతం పట్టు జారుతోంది. లోపలంతా గోధుమరంగు మడ్డి. ఎవరో ఎప్పుడో బోరు నీళ్లు పోసినట్టున్నారు. మన ఊళ్లో నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంటు ఎందుకు దండగ అనుకుంటారు. గడ్డకట్టడం సంగతి దేవుడెరుగు, తుప్పు పట్టకుండా, సున్నం పేరకుండా అది కావాలి. ఆ దారంతా కడిగి, కంపెనీ చెప్పిన రకం కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోశాను.

అసలు పని గాలి తియ్యడం. ఇంటర్‌కూలర్లు ఎత్తులో ఉన్నాయి, రేడియేటరు కింద ఉంది, గాలి బుడగ పోయి పైన కూర్చుంటుంది. దాన్ని కిందకి తొయ్యడం ఈ చిన్న పంపు వల్ల కాదు. కొత్త పంపు వేసీసి, మామూలుగా నీళ్లు పోసీసి, "అబ్బే, పంపు కాదు తేడా" అని మళ్లీ సూపర్‌ఛార్జరు మీద పడేవాళ్లు ఉంటారు. కంప్రెసరుకి వ్యాక్యూమ్ ఫిల్లరు తగిలించి లోపలి గాలి లాగీశాను. ముల్లు కదలకుండా నిలబడింది, అంటే ఎక్కడా లీకు లేదు. అప్పుడు వాల్వు తిప్పితే కూలెంటు దానంతటదే లోపలికి పోయింది. తరవాత ఇంజను ఆపే ఉంచి, స్కానరుతో పంపొక్కటే ఆడించాను. కాసేపు గుడగుడలాడి సద్దుమణిగింది. పాత పంపు ఎప్పుడైనా అలా గుడగుడలాడేదా అని అడిగితే, ఎన్నడూ వినలేదన్నాడు కుర్రాడు.

పరీక్షకి ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కించాం. అంతకన్నా కఠినమైన పరీక్ష మన దగ్గర లేదు. ఎక్కుడు ఎక్కువ, స్పీడు తక్కువ, ముందు నుంచి గాలి తగలదు. కింద ఎండ 36 ఉంది. మలుపు దాటి తొక్కితే 55 దాకా పోయేది, మళ్లీ మలుపుకి బ్రేకు వేసేసరికి నలభైల్లోకి దిగేది. టైమింగు ఎక్కడా వెనక్కి పోలేదు. వెనక సీట్లో బుగత గారు పైదాకా ఒక్క మాటా అనలేదు. పైన టీ తాగుతూ మాత్రం, "అయితే బాబూ, మోటారు మోగినంత మాత్రాన నీళ్లు తోడినట్టు కాదన్నమాట" అని, కిందకి దిగేలోగా వాళ్ల తోటలో బోరు మోటారు కూడా నా నెత్తిన పెట్టీశారు. నేను బోర్ల మేస్త్రీని కాదు మొర్రో అన్నా వినలేదు.

సరే, నీతో పనుంది. మీ మస్కట్ గ్యారేజీకి ఇలాంటివి రోజూ వస్తాయి కదా. 45 డిగ్రీల ఎండలో బాగున్న కారులో గాలి వేడి ఎంత దాకా పోతుందో, కాలు తీశాక ఎంతసేపట్లో దిగుతుందో రెండు మూడు బండ్లవి రాసి పంపు. ఆ అంకెలు దగ్గరుంటే ఇంకోసారి ఇంత తిరగక్కర్లేదు. వ్యాక్యూమ్ ఫిల్లరుకి నా దగ్గర అడాప్టర్లు తక్కువగా ఉన్నాయి, అక్కడ సెట్టు దొరికితే తీసుకో, డబ్బులు ఇక్కడ అత్తకి ఇచ్చీస్తాను.

దసరా తరవాత మంగళవారం మన పైడితల్లమ్మ సిరిమాను పండగ. ఈసారైనా సెలవు ఇప్పుడే అడుగు, పోయినసారిలా ఆఖర్న ఏడవకు. చెల్లిని, పిల్లల్ని అడిగానని చెప్పు. గుంటలు లేస్తున్నారు, బయట ఎవరిదో ఆటో స్టార్టవక తోసుకొస్తున్నారు.

ఉంటాను,
నీ బావ