కూతురికి నాన్న మీద ప్రేమ పుట్టుకతో రాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో 'నాన్న కూచి' అనే వ్యాసం చదివాను. ఆడపిల్ల తండ్రి వైపే మొగ్గుతుందని, అది ప్రకృతి సహజమని, ఎలక్ట్రా కాంప్లెక్స్ అంటే అదేనని రాశారు. చిన్నప్పటి నుంచే కూతురికి తల్లితో లోపల్లోపల పోటీ ఉంటుందని కూడా ఉంది. నేను జగిత్యాల జిల్లాలోని ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ను. దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే చదివాను. మా ఊళ్లో చాలామంది పిల్లల తండ్రులు దుబాయి, సౌదీ, మస్కట్‌లలో ఉంటారు. మీ వ్యాసం ఫొటో మా తల్లుల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. ఒకామె వచ్చి, "మేడం, మా ఆయన సెలవు మీద వస్తే పాప ఆయన్ని చూసి గుక్కపట్టి ఏడ్చింది. మా పాపకేమన్నా లోపముందా?" అని అడిగింది. ఆమె టెన్షన్ చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎలక్ట్రా కాంప్లెక్స్ అనే పేరు 1913లో మనస్తత్వవేత్త యూంగ్ పెట్టాడు. ఇలాంటి ఆలోచనలకు ఆద్యుడైన ఫ్రాయిడే ఆ పేరును ఒప్పుకోలేదు. వందేళ్లు దాటిన ఆ ఊహను పట్టుకుని, పాలు తాగే పిల్లకు తల్లితో పోటీ అంటగట్టడం నాకు నచ్చలేదు. ఆ తర్వాత పిల్లల్ని ఇళ్లకు వెళ్లి చూసినవాళ్లు చెప్పింది వేరు. 1964లో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని గమనించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదిన్నర వచ్చేసరికి నూటికి 75 మంది పిల్లలు తండ్రికి కూడా దగ్గరయ్యారు, ఆయన వదిలి వెళ్తుంటే ఏడ్చారు. పిల్లలు ఎక్కువ చేరువైంది ఎప్పుడూ అన్నం పెట్టేవాళ్లకే కాదు, తమ ఏడుపుకి, నవ్వుకి వెంటనే పలికేవాళ్లకు. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా కంటే రోజూ దగ్గరుండి పలకడమే పెద్ద విషయం. తండ్రి పక్కనే ఉండి ఎత్తుకుంటేనే నాన్న కూచి అవుతుంది.

మా ఊళ్లో జరిగేది చూడండి. పాప కడుపులో ఉండగానో, పుట్టిన కొన్నాళ్లకో తండ్రి వెళ్లిపోతాడు. కాంట్రాక్టు సాధారణంగా రెండేళ్లు. రోజూ రాత్రి వీడియో కాల్‌లో మాట్లాడతారు. పాప తెరకు ముద్దు పెడుతుంది, డాడీ డాడీ అంటుంది, కోపం వస్తే ఎర్ర బటన్ నొక్కి కాల్ కట్ చేస్తుంది. ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. రెండేళ్లకు ఆయన నిడో పాలపొడి డబ్బాలు, చాక్లెట్లు, పాపకు బంగారు గొలుసు పట్టుకుని వస్తాడు. ఫోన్‌లో చిన్నగా కనపడే మనిషి ఒక్కసారిగా నిలువెత్తున, కొత్త వాసనతో, గట్టి గొంతుతో ఎదురుగా నిలబడితే పాప బాపమ్మ వెనక దాక్కోదా? ఏడెనిమిది నెలల వయసు నుంచే పిల్లలు కొత్త ముఖాలకు జంకుతారు. అది తెలివి తక్కువతనం కాదు, తనవాళ్లెవరో గుర్తుపట్టడం వచ్చిందనడానికి గుర్తు. కానీ ఇంట్లో పెద్దవాళ్లు "నీ డాడీయే కదే, పో" అని బలవంతంగా ఒళ్లోకి తోస్తారు. ఆయన ముఖం మాడిపోతుంది. ఆ రోజు సాయంత్రమే "తల్లి పిల్లకు నా గురించి ఏం చెప్పిందో" అనే మాట కూడా ఒకటి రెండు ఇళ్లలో పుట్టింది. తల్లి–కూతుళ్ల పోటీ గురించి చదివినవాళ్లకు ఆ అనుమానం ఇంకా సులభం.

అలాంటి తండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. ఎత్తుకోవడానికి తొందరపడొద్దు. ముందు పాప కూర్చున్న చోటికి కొంచెం దూరంలో కింద కూర్చోండి, ఆమె తెచ్చి ఇచ్చిన గిన్నె తీసుకోండి. తర్వాత ఒక పని మీ చేతుల్లోకి తీసుకోండి: స్నానం గానీ, సాయంత్రం అన్నం గానీ, పొద్దున సెంటర్‌కు తీసుకురావడం గానీ. రోజూ అదే పని, అదే వేళకు. గొలుసు చేయలేని పని అది చేస్తుంది. మా సెంటర్‌కు తండ్రి చెయ్యి పట్టుకుని రావడం మొదలైన పిల్ల గేటు దగ్గర ఆయన్ని వదలనని మారాం చేస్తుంటే నాకు సంతోషం వేస్తుంది.

అసలు కష్టం ఆ తర్వాత. సెలవు అయిపోతుంది. శంషాబాద్ విమానం రాత్రిపూట ఉంటే పాప నిద్రపోయాక బ్యాగులు సర్దుకుని వెళ్లిపోతారు. పొద్దున అడిగితే షాపుకు పోయాడంటారు. ఆ పిల్ల సెంటర్‌లో గుడ్డు ముట్టదు, పక్క పిల్లను కొరుకుతుంది, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. కొన్నాళ్లకు చప్పబడుతుంది, ఇంకొన్నాళ్లకు మామూలుగా ఆడుకుంటుంది. "మరిచిపోయింది, పిల్లలకేం తెలుసు" అంటారు. ఇంగ్లండ్‌లో రాబర్ట్‌సన్, బౌల్బీ అనే పరిశోధకులు తల్లిదండ్రులకు దూరమైన చిన్నపిల్లల్లో ఈ మూడు దశలే చూశారు: మొదట ఏడ్చి గోల చేయడం, తర్వాత దిగులుగా ఉండిపోవడం, చివరకు పట్టనట్టు ఉండడం. మూడోది బాగయిందని అనుకోవడమే పొరపాటని వాళ్లు చెప్పారు. వీడియో కాల్ వస్తే ముఖం తిప్పుకునే పాపలో నాకు అదే కనిపిస్తుంది.

ప్రభుత్వం వైపు నుంచి కూడా తండ్రి లెక్కలో లేడు. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత ఉద్యోగం చేసే తల్లికి 26 వారాల సెలవు ఉంది, మంచిదే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు. ప్రైవేటులో పనిచేసే తండ్రికి చట్టంలో ఏమీ లేదు. గల్ఫ్ కూలీ మాట ఇక చెప్పేదేముంది. మా సెంటర్లలో నెలనెలా జరిగే సమావేశం కూడా పగటిపూట, తల్లులకే. సెలవు మీద వచ్చిన తండ్రిని తప్పకుండా పిలవమని శాఖ మాకు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు, ఖర్చు కూడా లేదు. నేను పిలుస్తున్నాను. కొందరు సిగ్గుపడి గేటు దగ్గరే నిలబడతారు, కొందరు లోపలికి వచ్చి చాప మీద కూర్చుంటారు.

మీ అనుబంధంలో మళ్లీ ఈ విషయం రాస్తే, సెలవు ముగిసిన తండ్రి మెలకువగా ఉన్న పాపకు ఏం చెప్పి బయల్దేరాలో రాయండి. మా ఊళ్లో కత్తిరించి దాచుకునేవాళ్లు ఉన్నారు.

– ఒక అంగన్‌వాడీ టీచర్, జగిత్యాల జిల్లా