వాణిజ్య ఒప్పందాలు పార్లమెంటు ముందుకు రావాలి

సంపాదకుడు గారికి,

అమెరికా మన సరుకులపై వేసిన సుంకాల వార్తల్లో మోదీ, ట్రంప్ మాటలే ఎక్కువగా వినపడుతున్నాయి. వాటిపై జరిగే వాణిజ్య బేరంలో మన దగ్గర ఏ రైతును కాపాడాలి, ఎవరిని వదిలేయాలి అన్నది ఢిల్లీలో ఎలా తేలుతోందో ఎవరూ అడగడం లేదు. పత్తి సంగతే చూడండి.

2021 బడ్జెట్‌లో వేసిన 11 శాతం పత్తి దిగుమతి సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టు 19న ఎత్తేసింది. ముందు సెప్టెంబరు 30 వరకే అన్నారు. పది రోజులు తిరక్కుండానే డిసెంబరు 31కి పొడిగించారు. ఖమ్మం, వరంగల్, ఆదిలాబాద్ మార్కెట్లకు కొత్త పత్తి రావడం మొదలయ్యేది ఆ నెలల్లోనే. విత్తనం వేసేటప్పుడు ఉన్న సుంకం, పంట చేలో ఉండగానే పోయింది. అమెరికా సుంకాల దెబ్బ తగిలే బట్టల మిల్లులకు దూది చవకగా దొరకాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ ఊరట ఖర్చు పత్తి రైతు మీద పడింది. మద్దతు ధర ఉంది కదా అంటారు. తేమ 12 శాతం దాటితే, మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనదు, ఆ సరుకు ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకే పోతుంది.

అదే ఆగస్టు 7న ప్రధాని, రైతులు, పాడి రైతులు, మత్స్యకారుల విషయంలో రాజీ లేదన్నారు. పాల వరకు ఆ పట్టుదల ముందునుంచీ ఉంది. 2019 నవంబరులో ఆసియా, పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ నుంచి మనం తప్పుకోవడానికి న్యూజిలాండ్ పాల భయం ఒక ముఖ్య కారణం. పాడికి ఊరూరా సహకార సంఘాలున్నాయి, వాటి వెనక ఓట్లున్నాయి. పత్తికి అవి లేవు. ఒత్తిడి తేగలిగిన వాళ్లు తెస్తారు, తప్పేముంది? అమెరికా గల్ఫ్ తీరంలో రొయ్యలు పట్టేవాళ్లు చేసిందీ అదే. వాళ్ల పోరుతోనే 2005 నుంచి మన రొయ్యలపై యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా గుమ్మరిస్తున్నారంటూ వేసే అదనపు సుంకం) నడుస్తోంది.

2025 ఏప్రిల్‌లో అమెరికా కొత్త సుంకాలు ప్రకటించగానే గోదావరి జిల్లాల్లో రొయ్యల ధరలు పడిపోయాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాశారు. కేంద్ర ప్రభుత్వానికి 16 మంది ఎంపీల మద్దతిస్తున్న పార్టీ అధినేతే లేఖతో సరిపెట్టుకోవాల్సి వస్తే, మిగతా రాష్ట్రాల మాట చెప్పేదేముంది?

కేంద్ర, రాష్ట్రాల అధికారాలను పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది, అయినా పంటలపై విదేశాలతో బేరం కేంద్రమే చేస్తుంది. మనతో 2025 జులైలో ఒప్పందం చేసుకున్న బ్రిటన్, ఇలాంటి ఒప్పందాన్ని ఆమోదించే ముందు, సభ జరిగే 21 రోజుల పాటు తన పార్లమెంటు ముందు ఉంచాలి. యూరోపియన్ యూనియన్‌లో అయితే అక్కడి పార్లమెంటు ఓటే కావాలి. మన దగ్గర కేబినెట్ సరేనంటే చాలు.

చర్చలు మొదలయ్యే ముందే ఏ పంటలు బేరంలో ఉన్నాయో పార్లమెంటు వాణిజ్య స్థాయీ సంఘానికి (ఎంపీల కమిటీకి) చెప్పాలి. ఆ పంటలు పండే రాష్ట్రాల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆమోదానికి ముందు సభలో ఓటింగ్ పెట్టాలి. రహస్యాలు బయటపడతాయన్న భయం అక్కర్లేదు, స్థాయీ సంఘం సమావేశాలు ఎలాగూ గోప్యంగానే జరుగుతాయి. పైగా "మా సభ ఒప్పుకోదు" అని అవతలివాళ్లు అడ్డుపెట్టే మాట మన అధికారులకూ అందుబాటులోకి వస్తుంది. ఈలోగా, విత్తనం వేసినప్పటి నుంచి పంట అమ్ముడయ్యే దాకా పత్తి సుంకాన్ని కదపకుండా ఉండేలా తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకు అతీతంగా పట్టుబట్టాలి.

– ఒక పాఠకుడు, ఖమ్మం