స్వాగతం సరే, ఆర్నెల్ల తర్వాత మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

యుద్ధం తరిమితే కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలకు వాలంటీర్లు అండగా నిలుస్తున్న వార్తలు పత్రికల్లో తరచూ చూస్తుంటాం. అవన్నీ దాదాపు మొదటి వారం కథలే. స్టేషన్లో స్వాగత బోర్డులు, దుప్పట్ల గుట్టలు, చేతిలో బొమ్మలతో పిల్లలు. ఆ ఉత్సాహాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అది పాలపొంగు. అసలు పని మొదలయ్యే వేళకు చాలాచోట్ల వచ్చేవాళ్లు పలచబడిపోతారు.

ఉక్రెయిన్ విషయమే తీసుకోండి. 2001లో రాసిపెట్టుకున్న తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని యూరోపియన్ యూనియన్ 2022 మార్చి 4న తొలిసారి అమల్లోకి తెచ్చింది. దాంతో యుద్ధం వల్ల అక్కడి నుంచి వచ్చినవాళ్లకు నివాస అనుమతి, పని చేసుకునే హక్కు, పిల్లలకు చదువు దొరికాయి. బ్రిటన్ ఇంకో దారి పట్టింది. సొంత ఇంట్లో కనీసం ఆరు నెలలు చోటిస్తామన్న వాళ్లకు మొదట్లో నెలకు 350 పౌండ్లు ఇచ్చింది. ఎంతోమంది తలుపులు తెరిచారు, గొప్ప విషయమే. అయితే ఆరు నెలల్లో కొత్త భాష నేర్చి, ఉద్యోగం వెతుక్కుని, అడ్వాన్సు కట్టి ఇల్లు అద్దెకు తీసుకోవడం ఎవరికి సాధ్యం? కొన్ని కుటుంబాలు నిలువ నీడ లేదంటూ స్థానిక కౌన్సిళ్లను ఆశ్రయించాల్సి వచ్చింది.

ఈ విషయంలో కెనడా పద్ధతి నాకు నచ్చింది. అక్కడ ఐదుగురు కలిసి ఒక కుటుంబాన్ని స్పాన్సర్ చేసే వీలును 1970ల చివర్లోనే కల్పించారు. మామూలుగా ఏడాది పాటు ఖర్చూ బాధ్యతా వాళ్లవే. ఎక్కడ దింపుతారు, భాష ఎక్కడ నేర్పిస్తారు, పిల్లల్ని బడిలో ఎవరు చేరుస్తారు అన్నది ముందే రాసివ్వాల్సి ఉండేది (ఇలాంటి ఐదుగురి బృందాల కొత్త దరఖాస్తులను 2024 నవంబరు చివర్లో తాత్కాలికంగా ఆపారు). 1979, 1980లలో ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) నుంచి అక్కడికి చేరిన దాదాపు 60 వేల మందిలో సగానికి పైగా ఇలా పౌరుల పూచీ మీద వచ్చినవాళ్లే. శరణార్థులకు చేసిన సేవకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే నాన్సెన్ పతకాన్ని 1986లో ఏకంగా కెనడా ప్రజలకే ఇచ్చారు. ఐదుగురు ఉంటే ఒకరు అలసిపోయినా మరొకరు ఉంటారు. మోజు తీరగానే తప్పుకోవడానికి రాసిచ్చిన మాట అడ్డొస్తుంది.

ఆ ఏడాదిలో చేయాల్సినవి ఫొటోకు పనికొచ్చే పనులు కావు. బ్యాంకు ఖాతా, వచ్చిన నోటీసు అర్థం చేసుకోవడం, డాక్టరుగానో టీచరుగానో పనిచేసిన మనిషి డిగ్రీకి గుర్తింపు తేవడం. ఈ చివరిదానికి నెలలు కాదు, ఏళ్లు పట్టొచ్చు. అక్కడ వాలంటీరు ఎంత తిరిగినా లాభం లేదు, ప్రభుత్వం కదలాలి. ఉచితంగా చేసేవాళ్లు దొరికారు కదా అని అధికారులు చేతులు దులుపుకుంటే అది సేవను వాడుకోవడమే.

వాలంటీర్లకూ శిక్షణ కావాలి. పిల్లలకు భాష త్వరగా పట్టుబడుతుంది కాబట్టి ఆస్పత్రికి వాళ్లనే దుబాసీలుగా తీసుకెళ్తుంటారు. తల్లి జబ్బు గురించి పదేళ్ల పిల్ల చేత చెప్పించడం ఎంత అన్యాయం! ఫోన్లోనైనా సరే, శిక్షణ పొందిన దుబాసీని అడగాలి. బాంబులు ఎలా పడ్డాయో చెప్పమని అడగకూడదు, వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి. ఏ ఇల్లు, ఏ బడి, ఏ పని అన్న నిర్ణయం వాళ్లదే. సాయం చేశాం కదా అని ఆ పెత్తనం మనం తీసుకోకూడదు (ఇది చెప్పినంత తేలిక కాదని ఒప్పుకుంటాను).

ఇక మీ వంతు. శరణార్థుల ముఖాలూ పేర్లూ అచ్చువేసే ముందు ఆలోచించండి. వెనక ఉండిపోయిన బంధువులకు దానివల్ల ముప్పు రావచ్చు. నిన్నగాక మొన్న ప్రాణాలు దక్కించుకున్న మనిషి అడగ్గానే తలూపితే దాన్ని పూర్తి సమ్మతి అనుకోవడం కష్టం.

స్వాగతం చెప్పినప్పుడు వెళ్లిన మీ విలేకరిని ఏడాది తర్వాత అదే కుటుంబం దగ్గరకు మళ్లీ పంపండి. ఉద్యోగం దొరికిందా, డిగ్రీ గుర్తింపు ఏ బల్ల మీద ఆగింది, వాలంటీర్లలో ఇంకా ఎందరు వస్తున్నారో కనుక్కుని రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు