కోరంగి కాలువలో ఐదు గంటలు

యానాం,
మాఘ శుద్ధ తదియ.

ప్రియ మిత్రమా,

మొన్న పాడ్యమి నాటి రాత్రి ఎనిమిది దాటిన తరువాత, మూడు రోజుల పడవ ప్రయాణం ముగించి కోరంగి రేవులో దిగాను. నిన్నంతా నిద్రపోయాను. ఈ ఉదయం చెప్పుల అంచుల్లో ఎండిపోయిన ఒండ్రును పుల్లతో గీకి పారేసి, కాఫీ తాగి, నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. వస్తానని మాట ఇచ్చి, ఆఖరి నిమిషంలో ఆఫీసు పని వంక పెట్టి హైదరాబాదులోనే ఉండిపోయావు కనుక మొదటి రెండు రోజుల సంగతి నీకు పొడిపొడిగానే చెబుతాను. యానాం దగ్గర గోదావరి పాయ అయిన గౌతమిలో పడవ ఎక్కి, లంకల పక్కగా భైరవపాలెం దాకా దిగి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అలల దెబ్బకు వాంతులు చేసుకుని, అమావాస్య నాటి సాయంత్రానికి కాకినాడ అఖాతంలోకి తిరిగి, హోప్ ఐలాండ్ చాటున లంగరు వేశాము. ఆ రోజు చొల్లంగి అమావాస్య. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల మునకలు వేస్తూ సప్తసాగర యాత్ర చేసేవారు చొల్లంగిలో తొలి మునక వేసి భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరుకుంటారు కదా, మీరు ఎదురుగా ఉండి కూడా ఒక్క మునకైనా వేయకుండా వచ్చారా అని అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంది.

అసలు చెప్పవలసినది మూడవ రోజు గురించి. తెల్లవారకముందే దీవి మీదికి దిగాము. దీవి అంటే రాయీ రప్పా ఉన్న దీవి కాదు. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను అలలు ఉత్తరానికి లాగి లాగి, సుమారు 200 ఏళ్లలో 16 కిలోమీటర్ల పొడవున పరిచిన దిబ్బ అది. కాకినాడ రేవుకు తుఫాను అలలు నేరుగా తగలకుండా అడ్డుగోడగా నిలిచినది కూడా ఆ ఇసుకే. సముద్రం వైపు నీటి అంచు నుంచి పైకి, చిన్న ట్రాక్టరు నడిచినట్లుగా ఒక జాడ కనిపించింది. రాత్రి ఆలివ్ రిడ్లీ తాబేలు పైకి పాకి, ఇసుకలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోయిన జాడ అది. ఒక్కొక్కటి దాదాపు వంద గుడ్లు పెడుతుంది. మాతో వచ్చిన అటవీశాఖ వాచరు ఆ చోటును గుర్తు పెట్టుకుని, మమ్మల్ని దూరంగా నడిపించాడు. మరో ఇరవై అడుగులు వేశామో లేదో, మరో తాబేలు చచ్చి పడి ఉంది. ఒంటి మీద గాయం ఏదీ కనిపించలేదు. ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావలసిన జంతువు మర పడవల వలలో చిక్కుకుని నీటి అడుగునే ఉండిపోతే ఇలాగే అవుతుందని వాచరు చెప్పాడు. ఆ రెండూ ఒకే చూపులో కనిపించడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

ఇక నా తప్పు విను. మా పడవ నడిపే సరంగు ముందు రోజే చెప్పాడు: "తొమ్మిదింటికి పోటు నిండుద్దండి. అప్పుడే కదిలితే కాలువ దాటేత్తామండి. ఆలస్యమైతే పాటు మన కోసం ఆగదండి." అమావాస్య వెళ్లిన మరునాడు పోటూ (నీరు పొంగడం) పాటూ (నీరు తీయడం) రెండూ బలంగా ఉంటాయని, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయని మనం చిన్నప్పుడు చదువుకున్నదే. చదువుకున్నది ఎవడికి గుర్తుంటుంది! ఇసుక మీద వందల కొద్దీ ఉల్లంకి పిట్టలు అల వెనక్కి పోగానే ముందుకు పరుగెత్తి, అల రాగానే వెనక్కి పరుగెత్తుతూ ఉంటే, ఎక్కడో ఉత్తరపు చలి దేశాల నుంచి ఇంత దూరం వచ్చిన వాటిని కెమెరాలో పట్టాలని నేను రెండున్నర గంటలు వృథా చేశాను. ఫొటోలన్నీ మసకగా వచ్చాయి. సరంగు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, బీడీ మాత్రం ఒకదాని తరువాత ఒకటి కాల్చాడు.

పన్నెండున్నరకు కోరంగి వైపు పోయే సన్నని కాలువలో పడవ అడుగు మెత్తగా దేనికో ఆనుకుంది. సరంగు మర ఆపి గెడ వేసి నెట్టాడు. గెడ మూరెడు దిగబడింది గాని పడవ కదలలేదు. "ఇంక సాయంత్రం దాకా ఇక్కడేనండి" అని చెప్పి, అతడు తలపాగా విప్పి ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు.

అలా పడవలో కూర్చుని ఉండగా కాలువ మెల్లగా ఖాళీ అయింది. మొదట రెండు ఒడ్లా మడచెట్ల ఊపిరి వేళ్లు, ఎవరో వేల మేకులను తలకిందులుగా పాతినట్లు, ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. బురదలో గాలి ఆడదు కనుక ఆ చెట్లు వేళ్లను పైకి పంపి ఊపిరి పీలుస్తాయి. తరువాత చిటికెన వేలంత చేపలు నీటిని వదిలి, రెక్కల మీద ఆనుకుని బురదలో గెంతడం మొదలుపెట్టాయి. వాటి కళ్లు నెత్తిన ఉంటాయి. ఒకటి పడవకు బారెడు దూరంలో ఆగి, ఒక కన్నును లోపలికి గుంజుకుని, తడిపి, మళ్లీ పైకి తీసింది. ఒక డెక్క ఒంటికంత పెద్దదిగా ఉన్న ఎర్రటి పీతలు బొరియల ముందు నిలబడి ఆ డెక్కను ఊపుతూ ఉంటే, ఎన్నికల ర్యాలీలో చేతులు ఊపే నాయకులు గుర్తుకు వచ్చారు.

మూడు గంటల ప్రాంతంలో వాచరు నా మోచేతిని నొక్కాడు. ఎదుటి ఒడ్డున ఐదు నీటికుక్కలు బురదలో పొట్ట మీద జారుతూ కాలువలో మిగిలిన సన్నని పాయలోకి దిగాయి. ఒకటి చేపను పట్టి, రెండు ముందుకాళ్లతో నిలువుగా పట్టుకుని, తల వైపు నుంచి కరకర నమలడం నాకు స్పష్టంగా వినిపించింది. చేపలను వేటాడే అడవిపిల్లి, బావురుపిల్లి మాత్రం కనిపించలేదు. ఆ బురదలోనే ఉన్న అడుగుజాడలను చూసి నేను కుక్కవి అన్నాను. కాదు, బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవని, అందుకే గోటి కొనల గుర్తులు పడ్డాయని వాచరు చూపించాడు. దానితోనే సరిపెట్టుకున్నాను.

ఆ ఐదు గంటల్లో సరంగు లేచి చాలా కబుర్లు చెప్పాడు. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవును 1789లో ఒకసారి, 1839లో మరొకసారి తుఫాను ఉప్పెనలు ముంచేశాయి కదా. ఆ ఊరి నుంచి రంగూన్ వెళ్లిన మనవాళ్ల మూలంగా అక్కడి తెలుగువాళ్లందరికీ 'కోరంగీలు' అనే పేరు స్థిరపడిందని, తన తాత కూడా అలా వెళ్లి వచ్చినవాడేనని గర్వంగా చెప్పాడు. పక్కన ఉన్న తిల్లచెట్టు కొమ్మను పట్టుకోబోతే నా చేతిని లాగేశాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందట.

ఐదున్నర దాటాక పడవ ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్లు కదిలింది. పొద్దు గుంకిన తరువాత నక్కల ఊళల మధ్య పోటుతో పాటే రేవుకు చేరాము.

పడవలో రాలి పడిన ఒక ఆకును ఈ కవరులో పెడుతున్నాను. దాని మీద తెల్లగా మెరిసేది దుమ్ము కాదు, చెట్టు బయటికి పంపిన ఉప్పు. నాలుకకు తాకించి చూడు. భయపడకు, ఇది మడ ఆకే, తిల్ల ఆకు కాదు. సరంగును రెండుసార్లు అడిగి మరీ పెట్టాను.

నీ
పాత బెంచీ మిత్రుడు